అడుగున మిగిలింది

దగ్గుమందు సీసాలు మూడు.
మెడకి తెల్ల ప్లాస్టరు, మీద బాల్‌పెన్నుతో ఏ, బీ, సీ.
జూబ్లీహిల్స్ బారులో రాత్రి రెండింటికి
అయిపోయిందనుకున్న బాటిళ్ళని తలకిందులు చేసి
బల్వంత్ పట్టుకొచ్చిన చుక్కలు.
"కంపెనీ ఒకటే సార్, మక్కలు ఒకటే,
ఒక్కటే రోజు పొయ్యెక్కినయి. పీపాలే వేరు.
జర మీరు చూసి చెప్పాలె."

చూసి చెప్పడమే నా ఉద్యోగం, ముప్పై ఒక్కేళ్ళు.
ఆబ్కారీ ల్యాబులో లక్క సీలు పగలగొట్టి,
గాజు జాడీలో పోసి,
హైడ్రోమీటరు మునిగి తేలి నిలబడేదాకా
ఊపిరి బిగబట్టి
ఒక అంకె రాయడం.
నాలుక మీద వేసుకున్నది లేదు.
నాలుక సాక్ష్యం కోర్టులో చెల్లదు.

పద్మారావునగర్ మేడ, మే నెల సాయంత్రం.
నీళ్ళ ట్యాంకుకి ఇంకా ఒళ్ళు కాలుతోంది.
హేమలత వేయించిన పల్లీలు పెట్టి
"వీటికీ రిపోర్టు రాస్తారా" అనేసి దిగిపోయింది.

ఏ.
గోదాము కింది అంతస్తులో, చల్లటి నేల పక్కన
తొమ్మిదేళ్ళు కళ్ళు మూసుకున్న పీపా.
ట్యాంక్‌బండ్ మీద బొగ్గుల్లో తిప్పుతున్న కంకి వాసన,
నిమ్మచెక్క ఇంకా రాయకముందు.
చాలాసేపటికి, పాత బీరువా తలుపు.
యాభై ఎనిమిది శాతం. మర్యాదస్తుడు.
గొంతులోకి చెప్పులు విడిచి దిగుతాడు.

బీ.
మధ్య అంతస్తు.
లవంగం మాట మొదలుపెడితే తాటిబెల్లం అడ్డుపడుతుంది,
వెనకాల రాణిగంజ్ కట్టె మిల్లులో
అప్పుడే ఆగిన రంపం.
"గిరాకీ అంత దీనికే" అన్నాడు బల్వంత్.
నాకు నచ్చలేదు.
ఎందుకంటే చెప్పలేను.
ఆ గడి నా రిజిస్టరులో ఎప్పుడూ లేదు.

సీ.
రేకుల కప్పు కింద
ఎండ కాసినన్నాళ్ళూ కాల్చిన చెక్కలోకి పారిపోయి
చలికి వెనక్కొచ్చి
ఏటా కొంత గాలికి శిస్తు కట్టి
మిగిలినది. అరవై ఆరు పాయింట్ ఎనిమిది.
ముక్కు దాకా తేగానే కళ్ళు చెమర్చాయి.
నాలుక మీద ముందు ఏమీ లేదు,
కరెంటు పోయిన క్షణంలా.
తర్వాత ఒక్కొక్క గదిలో లైటు.
చివరి గదిలో బెల్లం.
మాడిన, నల్లటి బెల్లం.

ఈ వాసన నాకు తెలుసు.
ధూల్‌పేట నుంచి వచ్చేది,
బీరు సీసాల్లో, మక్క బెండు బిరడాతో.

బల్వంత్ పిట్టగోడ వైపు చూస్తున్నాడు.
"మా అమ్మ తుల్జాబాయి
గుప్పెడు పొయ్యిల చల్లి మంట జూసేది సార్.
పచ్చగ లేస్తె పారబోసేది.
నీలంగ లేస్తెనే సీసాలకు.
మీరు ఎంత రాసిన్రో యాదికుందా?"

మాకు పేర్లు పంపరు. నంబర్లే.
లేదన్నాను. అది నిజం.
"ఆర్నెల్లు పడ్డది" అన్నాడు,
పీపా వయసు చెప్పినంత మామూలుగా,
నా గ్లాసులో ఇంకొంచెం వంచుతూ.

రిటైరైన రోజు నా జేబులో ఉండిపోయిన పిప్పెట్టు
ఇంకా పనిచేస్తోంది.
మంజీరా నీళ్ళు ఒక్క చుక్క వదిలాను.
గ్లాసులో సన్నటి నూనె దారాలు మెలికలు తిరిగి,
మంట పక్కకి జరిగింది.
సీతాఫలం గింజని చప్పరించినప్పటి తీపి.
ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.
కింద ఎవరో స్కూటర్‌ని కిక్కులు కొడుతూనే ఉన్నారు.

చివరి బొట్లు స్టీలు చెంచాలో పోసి
అగ్గిపుల్ల గీశాడు.
గాలికి రెండు పుల్లలు వృథా.
మూడోదానికి అంటుకుంది.
ఉందో లేదో తెలియనంత నీలం,
ఒక పక్క మాత్రం పచ్చటి అంచు.
అది గాలి వల్లనో, దేనివల్లనో.
"రాయున్రి సార్, ఎంత?"
జేబు తడుముకున్నాను. పెన్ను లేదు.

మంట ఆరాక
చెంచా అడుగున కాసిని నీళ్ళు మిగిలాయి.
వాటికి మా ల్యాబులో ఒక మాట ఉండేది.
చెంచా కాలుతున్నా వదలకుండా
చొక్కా కొసతో పట్టుకుని చూస్తున్నాడు వాడు.
నాకా మాట గుర్తురావడం లేదు.